సీసాలో దూది

"మా అత్త కూడా క్లాసుకొస్తానంటందండీ. వద్దంటే, ఎందుకొద్దంటన్నావంది. ఏం చెప్పమంటారండీ? చీర కూడా మార్చుకుంటంది."

ఫోనులో ప్రియ గొంతు సరిగా వినపడటం లేదు. వెనక కుళాయి ధారగా పడుతోంది. స్నానాల గదిలోకి వెళ్ళి, బకెట్లోకి నీళ్ళు వదిలి, ఆ చప్పుడు చాటున మాట్లాడుతోందని మైథిలికి అర్థమైంది. జవాబు ఆలోచించేలోపే ఫోను ఆగిపోయింది. మైథిలి ఎక్కిన రేపల్లె పాసింజరు అప్పుడే భట్టిప్రోలు దాటింది.

ప్రియ అత్త రాహేలమ్మ ఆ క్లాసుకు రాకూడదు. ఎందుకంటే అది షుగర్ క్లాసు కాదు.

మైథిలి బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. కాపురం తెనాలిలో. పది నెలల కూతురు వాగ్దేవి. బాపట్లలో ఉన్న ఒక చిన్న సంస్థ తరఫున, హెచ్ఐవి ఉన్న ఆడవాళ్ళకు ఎనిమిది వారాల క్లాసు నడపడం ఆమె ఉద్యోగం. మాత్ర రోజూ ఒకే వేళకు ఎలా వేసుకోవాలి, ఏం తినాలి, గర్భసంచికి క్యాన్సర్ పరీక్ష ఎందుకు చేయించుకోవాలి, భర్తతో ఏ మాట ఎలా ఎత్తాలి, ఇంట్లో ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకపోయినా పరవాలేదు, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. మొన్నటిదాకా క్లాసు తెనాలిలోనే జరిగేది. రేపల్లె చుట్టుపక్కల ఆడవాళ్ళు రైలెక్కి వచ్చేవాళ్ళు. సగంమంది మూడో వారానికే మానేసేవాళ్ళు.

"వాళ్ళు రైలెక్కి క్లాసుకు రావడమేంటమ్మా, క్లాసే రైలెక్కి వాళ్ళ దగ్గరికెళ్ళాలి" అన్నారు బాపట్ల ఆఫీసులో డాక్టర్ పాండురంగారావు గారు. మాట బాగుంది. రేపల్లెలో ఒక క్లినిక్ వాళ్ళు మంగళవారం మధ్యాహ్నం వెనక గది ఇస్తామన్నారు. అప్పుడు తెలిసింది, ఆ ఆడవాళ్ళు ఇన్నాళ్ళూ రైలెక్కింది దగ్గర్లో మందులు లేకనే కాదని. తెనాలిలో వాళ్ళ ముఖాలు ఎవరికీ తెలియవు. రేపల్లెలో గుమ్మం దాటితే ఎవరో ఒకరు పలకరిస్తారు.

క్లినిక్ బయట పలక మీద ఏం రాయాలన్నది మొదటి రోజే చిక్కయింది. మైథిలి భయపడి భయపడి, ఎవరికీ అనుమానం రాదనుకుని, 'షుగర్ క్లాసు, ఆడవాళ్ళకు మాత్రమే' అని రాసింది. ఆ పలక చూసి కృపమ్మ నవ్విన నవ్వుకు కాంపౌండరు బయటికొచ్చి చూశాడు.

"షుగరని రాశావా? ఊళ్ళో సగంమందికి అదే కదమ్మా! గజ్జి అని రాయాల్సింది. ఒక్కళ్ళు కూడా తొంగిచూసేవాళ్ళు కాదు."

కృపమ్మ ఆ క్లాసులో మైథిలికి తోడు. పుట్టింది కర్లపాలెం దగ్గర. నలభై ఆరేళ్ళుంటాయి. ఇరవై ఏళ్ళకే వరప్రసాదమనే లారీ డ్రైవరుకిచ్చి చేశారు. నిజాంపట్నం రేవు నుంచి ఐసులో పెట్టిన చేపలు ఊళ్ళకు తోలేవాడు. పెళ్ళయిన నాలుగో ఏట దగ్గుతో పడ్డాడు, లేవలేదు. అప్పటికి కృపమ్మ నిండు గర్భిణి. పురుడు కోసం వెళ్ళిన చోట రక్తపరీక్ష చేసి, ఆమె మంచాన్ని గదిలోంచి వరండాలోకి మార్చారు. ఎందుకు మార్చారో ఎవరూ చెప్పలేదు. పక్క మంచం ఆవిడ తన పిల్లను ఎత్తుకుని లోపలికి పోయిన తీరు చూసి ఆమే అర్థం చేసుకుంది. ఆ పుట్టిన పిల్ల సంగతి మాత్రం కృపమ్మ ఎవరికీ చెప్పేది కాదు. మైథిలి కూడా అడగలేదు.

తర్వాత దుగ్గిరాలలో పసుపు కొమ్ములు ఏరే పనికి వెళ్ళింది. రేపల్లెలో ఇళ్ళల్లో పని చేసింది. నెలనెలా మాత్రలకు రైలెక్కేది. అలా ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి, ఆమెకొక విద్య పట్టుబడింది. రైలు పెట్టెలో ఎవరి సంచీలోంచి మాత్రల సీసా గలగలమన్నా ఆమె చెవి పట్టేసేది. మోకాళ్ళ నొప్పుల డాక్టరు దగ్గరికని ఒకావిడ, చెల్లెలింటికని ఒకావిడ, కళ్ళద్దాలకని ఇంకొకావిడ. రైలు కుదిపినప్పుడల్లా సంచీల్లో అదే గలగల. ఆ చప్పుడుకు వాళ్ళు ఉలిక్కిపడి సంచీని ఒళ్ళోకి లాక్కోవడం కృపమ్మ చూసేది. ఒకరోజు తన చేతిసంచీలోంచి దూది చుట్ట తీసి, కొంచెం తుంచి, ఎదురుగా కూర్చున్న మనిషి చేతిలో పెట్టింది. "సీసాలో కుక్కమ్మా, అరవదు" అంది. అంతే. పేరడగలేదు, ఊరడగలేదు. అప్పట్నుంచి ఆమె సంచీలో దూది లేని రోజు లేదు.

ప్రియను తెచ్చింది కూడా ఆ దూదే. రెండు నెలల కిందట ఇదే పాసింజరులో, పిల్లను ఒళ్ళో పెట్టుకుని సంచీని కాళ్ళతో నొక్కిపట్టి ఏడుపు ఆపుకుంటున్న ప్రియను చూసి, కృపమ్మ పక్కన చేరి దూది తుంచింది.

ప్రియకు ఇరవై మూడేళ్ళు. భర్త జార్జి నిజాంపట్నంలో మరబోటు మీద వేటకు వెళ్తాడు. వెళ్తే పది రోజులు సముద్రంలోనే. కడుపుతో ఉన్నప్పుడు చేసిన పరీక్షలో ఇద్దరికీ ఉందని తెలిసింది. ఇద్దరూ మాత్రలు వేసుకుంటున్నారు. పాప సుజనకు పద్నాలుగు నెలలు. ఇప్పటిదాకా చేసిన పరీక్షలన్నింటిలో ఏమీ లేదని వచ్చింది. పద్దెనిమిదో నెలలో చేసే ఆఖరి పరీక్ష ఒకటి మిగిలింది. ఇంట్లో రాహేలమ్మకు ఇదేదీ తెలియదు. "మా అమ్మకు తెలిస్తే నన్నేమీ అనదు, నిన్నే అంటది" అని జార్జి పడవెక్కే ముందు చెప్పి వెళ్ళేవాడు. రాహేలమ్మకు తెలిస్తే పిల్లను లాక్కుని తనను పుట్టింటికి తోలేస్తుందన్నది ప్రియ భయం. రక్తం తక్కువుందని, దానికి మాత్రలని, షుగర్ క్లాసులో తననూ కూర్చోమన్నారని అత్తకు చెప్పుకుంటూ వస్తోంది.

రాహేలమ్మకు నిజంగానే షుగరుంది. ఆ సంగతి పలక రాసిన రోజున మైథిలికి తెలియదు.

క్లినిక్కుకు వెళ్ళేసరికి కృపమ్మ వెనక గదిలో కుర్చీలు వేస్తోంది. మైథిలి ఆయాసంతో ప్రియ మాటలు చెప్పింది.

"తాళం వేసేద్దాం కృపమ్మగారూ. ఈరోజు క్లాసు లేదని రాసిపెడదాం. నాకు జ్వరమని చెప్దాం."

"మిగతా ఐదుగురు వచ్చాక?"

"వాళ్ళనీ పంపేద్దాం. ఆవిడ కూర్చుంటే ఎవరో ఒకరు నోరు జారతారు. బోర్డు మీద బొమ్మలున్నాయి, కాగితాల మీద అక్షరాలున్నాయి. ఒక్కమాట చాలు, ఆ పిల్ల కాపురం పోద్ది. నా వల్ల పోద్ది."

కృపమ్మ కుర్చీ కింద పెట్టి మైథిలి ముఖంలోకి చూసింది. "ఈ భయం ఎవరిదమ్మా? ప్రియదా, నీదా?"

"ఇద్దరిదీ."

"ప్రియదైతే, అత్త గుమ్మందాకా వచ్చి తాళం చూసిందనుకో, ఇంటికెళ్ళి నిన్నడగదు. ప్రియనడుగుద్ది. ఏం క్లాసే అది, నేనొస్తే మూసేశారూ అని. నీదైతే, తాళమేసుకుని రైలెక్కెయ్."

మైథిలి గోడకు తగిలించిన పటాలను గబగబా వెనక్కి తిప్పేసింది. ఆ తొందరలో ఒక పటం జారి కిందపడింది.

మూడు గంటలకు ఒక్కొక్కరే వచ్చారు. అందరికన్నా చివర ప్రియ, చంకలో సుజన. వెనకాలే ఇస్త్రీ చీరలో రాహేలమ్మ. గుమ్మంలోనే ఆగి గదంతా కలియచూసింది. అందరి ముఖాలూ చూసింది. ఐదుగురు ఆడవాళ్ళూ టీ గ్లాసుల్లోకి తలలు వంచేశారు. వాళ్ళలో ఇద్దరిది రాహేలమ్మ చర్చే.

రాహేలమ్మ కూర్చుని, ఇచ్చిన టీ ఒక గుక్క తాగి, గ్లాసు పైకెత్తింది.

"ఏంటమ్మా ఇది? షుగర్ క్లాసని రాశారు, టీలో ఇంత పంచదార పోశారు?"

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్న మైథిలి టీ సంగతే మర్చిపోయింది.

"కావాలనే పోశాం వదినా" అంది కృపమ్మ. "షుగరున్నోళ్ళు వద్దంటారా, తాగుతారా అని చూద్దామని. మొదటి గుక్క నీదే. నువ్వు ఫెయిలు."

ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో గదిలో కాస్త గాలి ఆడింది. ప్రియ మాత్రం నవ్వలేదు. పాపను ఎంత గట్టిగా పట్టుకుందంటే, అది ఊపిరాడక ఏడుపు లంకించుకుంది.

కృపమ్మ క్లాసు మొదలుపెట్టింది. పటాలు లేవు, కాగితాలు లేవు. "మాత్రంటే కాలవ తూముకుండే తలుపులాంటిది. రోజూ దించితే నీళ్ళాగుతాయి. ఒక్క పూటే కదా అని వదిలేస్తే, ఆ పూటే చేలోకొచ్చేస్తాయి. మళ్ళీ తోడుకోవడం మనవల్ల కాదు" అంది. "బాగానే ఉన్నాను కదా, ఇంకెందుకు మాత్రలు అనబాకండి. మాత్రలేసుకుంటన్నారు కాబట్టే బాగున్నారు" అంది. మైథిలి పుస్తకంలో ఉన్న పాఠమే అది. ఒక్క జబ్బు పేరు కూడా లేకుండా ఆ పాఠం నడవగలదని మైథిలికి ఎప్పుడూ తట్టలేదు. ఐదుగురూ తలలెత్తి వింటున్నారు. వాళ్ళకు వినపడాల్సింది వాళ్ళకు వినపడుతోంది.

"మరి వదినా, నువ్వు రోజూ వేసుకుంటన్నావా?" అనడిగింది కృపమ్మ.

"గుర్తున్నప్పుడు" అంది రాహేలమ్మ.

"గుర్తు లేనప్పుడు?"

"గుర్తు లేనప్పుడు ఎట్టా వేసుకుంటానమ్మా, నువ్వే చెప్పు!"

ఈసారి అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే రాహేలమ్మ అంది: "మా కోడలు నయం. రోజూ ఎనిమిదింటికల్లా వేసుకుంటది. రక్తం తక్కువంట. ఎన్నేళ్ళేసుకోవాలమ్మా ఆ మాత్రలు? రక్తం పట్టదా ఇంకా?"

నవ్వు తెగిపోయింది. ప్రియ కళ్ళు మైథిలి మీద ఉన్నాయి. మైథిలికి తన చదువులోంచి వందమాటలు గుర్తొచ్చాయి. హిమోగ్లోబిన్, ఐరన్, ఫోలిక్ యాసిడ్. ఏది చెప్పినా అది అబద్ధమే అవుతుంది. అబద్ధం చెబితే తర్వాత ప్రశ్న ఉంటుంది.

కృపమ్మ తొణకలేదు. "నీ కోడలి మాత్ర సంగతి నీ కోడల్నడుగు వదినా. నీ మాత్ర సంగతి నన్నడుగు. ఈ గదిలో అదే రూలు. ఎవరి మాత్ర వాళ్ళది."

రాహేలమ్మ ఒక్క క్షణం ఆమెనే చూసింది. "రూలు బాగానే ఉంది" అంది. ఆ తర్వాత క్లాసయ్యేదాకా మరేమీ అడగలేదు.

క్లాసయ్యాక ప్రియ పాపకు నీళ్ళు తాగించడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఆమె అటు మళ్ళగానే రాహేలమ్మ కుర్చీలోంచి లేచి, కుర్చీలు సర్దుతున్న కృపమ్మ దగ్గరికి వచ్చింది. మైథిలి రెండడుగుల దూరంలో పటాలు చుడుతోంది.

"సీసాలో దూది పెట్టమన్నది నువ్వేనా? ఇందాక నీ సంచీలో చూశా."

మైథిలి చేతిలో పటం అలాగే ఆగిపోయింది. కృపమ్మ అవుననలేదు, కాదనలేదు.

"ఇదివరకు ఎనిమిదింటికి లోపల గదిలో గలగలమనేది" అంది రాహేలమ్మ, గొంతు బాగా తగ్గించి. "ఆ చప్పుడు వినపడితే నేను దుప్పటి కప్పుకునేదాన్ని. రెండు నెల్లనుంచి వినపడ్డంలేదు. మానేసిందనుకున్నా. నాకు నిద్రెక్కడిది? అడిగితే తెలిసిపోయిందని పారిపోద్దేమో. అడక్కపోతే చచ్చిపోద్దేమో. చెత్తబుట్టలో వెతికా, ఖాళీ సీసా దొరుకుద్దేమోనని. ఈ క్లాసులో ఏమన్నా చెప్తారేమోనని వచ్చా. ఇందాక మాత్ర మాటెత్తింది కూడా అందుకే. దాని ముఖం చూద్దామని."

"నీకు..." అని ఆగింది కృపమ్మ.

"మా తమ్ముడు కృపారావు ఆ జబ్బుతోనే పోయాడు. మొదట్లో వేసుకున్నాడు, బాగయ్యిందని మానేశాడు. ఆ సీసా, ఆ మాత్ర నేనెరగనా? మా జార్జిగాడు సముద్రానికెళ్తా సంచీ అడుగున ఏం పెట్టుకుంటాడో నేనెరగనా?" ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "వేసుకుంటందా? అదొక్కటి చెప్పు."

కృపమ్మ మళ్ళీ అదే మాట చెప్పింది. కాని ఈసారి గొంతు వేరు. "ఎవరి మాత్ర వాళ్ళది వదినా. కాని క్లాసుకు క్రమం తప్పకుండా వస్తంది. మానేసినోళ్ళు క్లాసుకు రారు."

రాహేలమ్మ తల ఊపింది. "నాకు తెలుసని దానికి చెప్పబాకండి. అదే చెప్పాలి. చెప్పిననాడు వింటా."

పాపను ఎత్తుకుని అత్తాకోడళ్ళు వెళ్ళిపోయారు. వెళ్తూ ప్రియ వెనక్కి తిరిగి చూసిన చూపుకు మైథిలి ప్రాణం విలవిల్లాడింది. ఆ పిల్ల ఇంకా భయంలోనే ఉంది. ఒక్క ఫోను చేస్తే ఆ భయం తీరిపోతుంది.

"చెప్పేద్దాం కృపమ్మగారూ! మీ అత్తకు తెలుసు, నీ వైపే ఉందని ఒక్కమాట."

"ఆ మాట మనది కాదమ్మా. ఇందాక ప్రియ గుట్టు అత్తకు చెప్పకుండా దాచామా? ఇప్పుడు అత్త గుట్టు. ఒక గుట్టు దాచి ఇంకో గుట్టు అమ్మేస్తే, రేపు ఈ గదిలో ఎవరు నోరిప్పుతారు?"

కాసేపటికి కృపమ్మే అడిగింది. "అది సరే, నీ చదువులో దూది గురించి ఏమన్నా ఉందా?"

మైథిలికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, రోజంతటిలో మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకుంది. ఉంది. దూది చెమ్మ పీలుస్తుంది. వానాకాలంలో సీసాలో దూది ఉంటే మాత్రలు చెమ్మగిల్లుతాయి. సీసాలో చెమ్మ పీల్చే చిన్న పొట్లం ఎలాగూ ఉంటుంది; తెరిచాక దూది తీసేయమనే నిపుణులూ చెబుతారు. ఇన్నాళ్ళూ ఆ మాట చెప్పడానికి మైథిలికి నోరు రాలేదు. చప్పుడు కన్నా చెమ్మే నయమనుకుంది.

ఆ సాయంత్రం రైలెక్కే ముందు ప్రియకు ఫోను చేసింది. "సీసాలో దూది తీసెయ్యమ్మా. వానలు మొదలయ్యాయి, మాత్ర పాడవుద్ది."

"చప్పుడైద్దండీ! అత్తకు వినపడుద్ది!"

"రక్తం మాత్రలేసుకుంటన్నానని చెప్పావు కదా. వేసుకునే మాత్ర చప్పుడు చేస్తే తప్పేముంది?"

చివరికి ప్రియ సరేనంది.

ఆ వారమంతా మైథిలికి కుదురు లేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేది. మంగళవారం ప్రియ ఒక్కతే వచ్చింది.

"దూది తీసేశానండీ" అంది ప్రియ, కూర్చోకుండానే. "మొదటిరోజు సీసా చెయ్యిజారి కిందపడింది. చప్పుడు ఇల్లంతా వినపడింది. అత్త వంటగదిలో ఉంది. నీళ్ళ గ్లాసు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. ఏమీ అన్లేదు. మర్నాడు కూడా పెట్టింది. నిన్న తన షుగరు మాత్ర కూడా తెచ్చుకుని నా పక్కన కూర్చుని వేసుకుంది." ప్రియ అప్పుడు కుర్చీలో కూర్చుంది. "ఆవిడకు తెలుసంటారా అండీ?"

మైథిలి కృపమ్మ వైపు చూసింది. కృపమ్మ ప్రియ తల నిమిరింది. "నన్నెందుకమ్మా అడగడం? గ్లాసు పెట్టినావిడ ఇంట్లోనే ఉంది కదా."

ప్రియ అడిగిందో లేదో ఆ వారమంతా వాళ్ళకు తెలియలేదు. తర్వాతి మంగళవారం రాహేలమ్మ పాపను ఎత్తుకుని ముందు నడిచి వచ్చింది, ప్రియ వెనక. ఇద్దరి కళ్ళూ వాచి ఉన్నాయి. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ రోజు రాహేలమ్మ వెంట నిజంగా షుగరున్న ముసలమ్మలు ఇద్దరు కూడా వచ్చారు. పాండురంగారావు గారికి ఫోను చేసి చెప్పి, పలక మీద మాటలు మార్చారు: 'రోజూ మాత్ర వేసుకునే ఆడవాళ్ళ క్లాసు'. మొదటి అరగంట అందరికీ ఒకటే పాఠం. తర్వాత ఒక్కొక్కరితో తలుపు మూసి మాట్లాడటం. లోపల ఎవరు ఏ మాత్ర గురించి మాట్లాడారో బయటివాళ్ళకు తెలియదు. సుజనకు ఆఖరి పరీక్షకు ఇంకా మూడు నెలల పైనే ఉంది. ఆ భయం ఎవరికీ పోలేదు.

ఆ రోజు తిరుగు రైలులో కృపమ్మ కూడా తెనాలి దాకా వచ్చింది. మైథిలి కూర్చున్న దగ్గర్నుంచి ఇంటికి ఫోన్లు చేస్తూనే ఉంది. పొద్దున వాగ్దేవి రెండుసార్లు దగ్గింది. దగ్గిన వేళలు, ఒంటి వేడి మైథిలి పుస్తకంలో రాసి పెడుతుంది. పిల్ల చేతులకు శానిటైజరు రుద్ది రుద్ది తోలు లేచింది. ఒకసారి తెనాలిలో కృపమ్మ ఆ పిల్లను ఎత్తుకోబోతూ చేతులు చాచినప్పుడు మైథిలి చెయ్యి అర క్షణం ఆగింది. తాకితే ఏమీ కాదని పదిమందికీ పాఠం చెప్పే మనిషి చెయ్యి ఆగింది. కృపమ్మ అది చూసి, చాచిన చేతులతో తన కొంగు సర్దుకుంది. మళ్ళీ ఎప్పుడూ చాచలేదు. మైథిలి ఆ అర క్షణాన్ని మర్చిపోలేదు.

"నాకొక కూతురుంది, తెలుసా?" అంది కృపమ్మ, కిటికీలోంచి చూస్తూ. "కర్లపాలెంలో. రోగం రొష్టు లేదు, బంగారంలాగుంది. పుట్టినప్పుడు నేను ఎత్తుకోలేదమ్మా. నా ఒంట్లోది అంటుకుంటదని భయం. ఏడిస్తే మా చెల్లికి అందించేదాన్ని. స్నానం చెల్లి, జోలపాట చెల్లి. పరీక్షలో ఏమీ లేదని తెలిసేసరికి దానికి మా చెల్లే అమ్మ. ఇప్పుడు నన్ను పెద్దమ్మా అంటది. దాని పెళ్ళికి నేను పెద్దమ్మనే." కాసేపాగింది. "దానికి భయం లేదు చూడు. దానికి ఆకలేసింది, నిద్రొచ్చింది, అంతే. భయమంతా నాది. తీసుకెళ్ళి దాని మీదేశా."

తెనాలి స్టేషనులో వాగ్దేవిని తీసుకుని మైథిలి భర్త శ్రీహర్ష నిలబడి ఉన్నాడు. మైథిలి పిల్లను అందుకుని, ఆగకుండా, కృపమ్మ చేతుల్లో పెట్టింది. వాగ్దేవి ఆమె ముక్కు పట్టుకుని లాగింది. ఆ రోజు అక్కడ ప్లాట్‌ఫారం మీద కృపమ్మ చెప్పిన మాటనే, ఇప్పుడు పిల్ల దగ్గినప్పుడల్లా, థర్మామీటరు మీదికి చెయ్యి పోయినప్పుడల్లా, మైథిలి ముందు గుర్తు చేసుకుంటుంది. చాలాసార్లు థర్మామీటరు అక్కడే పెట్టేసి వంటింట్లోకి వెళ్తుంది.

"భయమేసినప్పుడు అది ఎవరి భయమో చూసుకోమ్మా. బిడ్డదైతే ఎత్తుకో. నీదైతే బిడ్డనొదిలేసి, లేచి చేటలో బియ్యం పోసుకుని ఏరుకో."